ఒక మనిషికి నాలుగు ఆదాయాలు

(విజయనగరంలో ఒక గ్రంథాలయం హాలులో 2025 డిసెంబరులో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాం.)

వినిపిస్తోందా అండీ? వెనకాల ఉన్నవాళ్లకి? మైకు కొంచెం గుయ్‌మంటోంది, అయినా పరవాలేదు, మా వృత్తిలో గట్టిగా మాట్లాడే అలవాటు తక్కువ, చెవిలో చెప్పుకునే మాటలే ఎక్కువ. (నవ్వులు)

ముందు ఒక సంగతి. బయట బోర్డు మీద నన్ను ఆడిటరు గారు అని రాశారు. నేను సి.ఎ. కాదండీ, టాక్స్ ప్రాక్టీషనర్‌ని. ముప్పై రెండేళ్లుగా మూడు లాంతర్లకి దగ్గరలో ఒక మేడ మీద గదిలో కూర్చుని జనాల రిటర్న్‌లు వేస్తున్నాను. ఊరంతా ఆడిటరు అనే పిలుస్తుంది, మొదట్లో కాదని చెప్పేవాణ్ణి, తర్వాత మానేశాను. నిజాయితీ గురించి మాట్లాడమన్నారు కదా, అక్కడి నుంచే మొదలుపెడదామని. (నవ్వులు)

వీళ్లు నాకిచ్చిన టాపిక్ "ఆదాయపు పన్ను, పౌరుడి బాధ్యత". ఆ పేరుతో మాట్లాడితే మీలో సగం మంది టీ కోసం లేస్తారు, మిగతా సగం నిద్రపోతారు. అందుకని బాధ్యత సంగతి వదిలేసి నా బల్ల అవతల కుర్చీలో నేను చూసిన మనుషుల సంగతి చెప్తాను. పేర్లుండవు, గుర్తుపట్టకుండా అక్కడక్కడ వివరాలు మార్చాను, అయినా ఎవరైనా "ఇది నా గురించే" అనుకుంటే అది నా తప్పు కాదు.

ఒకాయనకి షాపుంది. మంచి సెంటర్లో. ప్రతి జూలైలో వచ్చి కూర్చుంటాడు. "ఎంత పెడితే పన్ను పడదో అంత పెట్టండి మాస్టారూ" అంటాడు. అసలు ఆదాయం ఎంత అని నేను అడగను, ఆయన చెప్పడు, అదొక మర్యాద మా ఇద్దరికీ. పరిమితి రెండున్నర లక్షలున్న రోజుల్లో ఆయనకి ఏడాదికి 2 లక్షల 48 వేలు వచ్చేవి. 2019లో 5 లక్షల దాకా రిబేటు ఇచ్చారు, ఆయన ఆదాయం 4 లక్షల 90 వేలైంది. 2023లో కొత్త విధానంలో దాన్ని 7 లక్షలు చేశారు, ఆయనకి 6 లక్షల 85 వేలు వచ్చాయి. ఇప్పుడు ఈ ఆర్థిక సంవత్సరం నుంచి 12 లక్షల దాకా పన్ను లేదన్నారు కదా, ఆయన వ్యాపారం ఎంత పుంజుకుంటుందో వచ్చే జూలైలో చూడాలి. (నవ్వులు)

ఆయన కొడుక్కి సంబంధం చూశారు. కాస్త పెద్దమనిషిలా ఉంటానని నన్నూ తీసుకెళ్లారు. పిల్ల తండ్రి మెల్లగా అడిగాడు, షాపు మీద ఏమాత్రం వస్తుందండీ అని. మావాడు కాలు మీద కాలేసుకుని "తేలిగ్గా నెలకి రెండు లక్షలండీ, సీజన్ అయితే లెక్కలేదు" అని నా వైపు చూశాడు, అవునని తలూపమన్నట్టు. నేను కాఫీ గ్లాసు వైపు చూశాను.

తర్వాత ఇల్లు కట్టాలని బ్యాంకుకి వెళ్లాడు. వాళ్లు మూడేళ్ల రిటర్న్‌లు అడిగారు. ఇచ్చాడు. ఈ ఆదాయానికి మీరడిగిన దాంట్లో మూడో వంతు కూడా రాదన్నారట. ఆయాసపడుతూ మేడ మెట్లెక్కి వచ్చాడు, "మాస్టారూ, పాతవి కొంచెం పెంచలేమా?" అని. పన్ను తగ్గించమని వచ్చిన మనిషే పన్ను పెంచమంటున్నాడు, నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంకోటి మర్చిపోయాను, అదే ఇంట్లో వాళ్లమ్మ పేరు మీద తెల్లకార్డు కూడా ఉంది. పట్నంలో తెల్లకార్డు కావాలంటే కుటుంబానికి నెలకి 12 వేల లోపే రావాలి. అంటే పెళ్లివారికి ఒక ఆదాయం, బ్యాంకుకి ఒకటి, కార్డుకి ఒకటి, ఇన్‌కమ్ ట్యాక్స్‌కి ఒకటి. నాలుగూ ఒక్క గల్లాపెట్టెలోంచే.

మరి ఆయన దొంగా? ఇక్కడే నాకు తిరకాసు. ఆయనకి చేబదులుగా మూడు లక్షలిచ్చిన ఒక స్నేహితుడు కరోనాలో పోయాడు. నోటు లేదు, సాక్షి లేడు, ఇచ్చినట్టు ఆ ఇంట్లో వాళ్లకి తెలియదు. పెద్దకర్మ అయ్యాక ఆయన ఆ ఇంటికి వెళ్లి, ఆవిడకి లెక్క చెప్పి, డబ్బు చేతిలో పెట్టి వచ్చాడు. నాకెలా తెలుసంటే నేనే బండి మీద తీసుకెళ్లాను. చీటీ పాడుకుంటే ఒక్క వాయిదా తప్పడు. పైడితల్లమ్మకి మొక్కుకున్నది సిరిమాను పండగలోపు తీర్చకపోతే ఆ ఇంట్లో ఎవరికీ నిద్రపట్టదు. అమ్మవారు నోటీసు పంపదు, చనిపోయినవాడు అడగడు, అయినా ఇచ్చాడు. అలాంటి మనిషి నా గదిలోకి వచ్చి 6 లక్షల 85 వేలు అని సంతకం పెట్టేటప్పుడు చెయ్యి వణకదు. నేను ఫీజు తీసుకునేటప్పుడు నాదీ వణకదు.

సిగ్గు ఆ వైపుకి పాకలేదండీ, నాకర్థమైంది అంతే. మన మాటల్లోనే చూడండి, పన్ను ఎగవేత అనే మాట పేపర్లో ఉంటుంది, సినిమావాళ్ల మీద రైడ్ జరిగినప్పుడు. మనం మాట్లాడుకునేటప్పుడు అది "మేనేజ్ చేయడం", "అడ్జస్ట్‌మెంట్", "ఆడిటరు చూసుకుంటాడు". మంచి ఆడిటరు అంటే ఎవరు? తక్కువ కట్టించేవాడు. నిక్కచ్చిగా ఉండేవాణ్ణి "చాదస్తం మనిషి, పని జరగదు" అంటారు. పన్ను మొత్తం కట్టేవాణ్ణి మెచ్చుకుంటూ ఎవరైనా నాతో మాట్లాడారా అని గుర్తు తెచ్చుకుంటే, ఒక్కరు కూడా తగల్లేదు. జాలిపడినవాళ్లు ఉన్నారు.

ఇదెక్కడి నుంచి వచ్చిందీ అంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. మనకి దగ్గర్లోనే పద్మనాభం కొండ. 1794 జూలై 10న అక్కడ చిన విజయరామరాజు గారు కంపెనీ సైన్యంతో తలపడి చనిపోయారు. గొడవ దేని మీద? పేష్‌కష్ బకాయిల మీద. అంటే కట్టాల్సిన కప్పం. ఆయనతో పాటు చనిపోయినవాళ్లని ఇవాళ్టికీ వీరులనే అంటాం, అనాలి కూడా. కానీ ఆ కథ వింటూ పెరిగిన ఊరికి పన్ను అంటే వేరేవాడెవడో వచ్చి లాక్కెళ్లేది అనిపించడంలో వింతేముంది. తర్వాత 1857 తిరుగుబాటు ఖర్చు పూడ్చుకోవడానికి 1860 జూలై 24న జేమ్స్ విల్సన్ అనే ఆయన ఈ దేశానికి ఇన్‌కమ్ ట్యాక్స్ తెచ్చాడు, ఏడాదికి 200 రూపాయల లోపు వచ్చేవాళ్లకి లేదు. మనవాళ్ల ఉసురేమో తెలియదు, మూడు వారాలు తిరక్కుండా కలకత్తాలో విరేచనాలతో పోయాడు పాపం. పన్ను మాత్రం ఉండిపోయింది. (నవ్వులు)

సరే, అది తెల్లదొరల కాలం. స్వాతంత్ర్యం వచ్చాక మనవాళ్లు ఏం చేశారు? 1973-74లో అన్నిటికంటే పై శ్లాబు వాళ్లకి పన్ను 97.75 శాతం. నేను తప్పు చదవలేదు. 85 శాతం, దాని మీద 15 శాతం సర్‌ఛార్జి. పై శ్లాబులో సంపాదించిన ప్రతి వంద రూపాయల్లో చేతికి రెండు రూపాయల పావలా. అంత రేటు పెట్టాక ఏ వ్యాపారి నిజం రాస్తాడండీ? నల్లడబ్బు సంగతి చూడమని ప్రభుత్వం వేసిన వాంఛూ కమిటీయే చెప్పింది దానికి ఈ రేట్లే ఒక కారణం అని, ఆ తర్వాతే తగ్గించడం మొదలుపెట్టారు. 1997కి 10, 20, 30 శాతానికి దిగాయి. రేటు దిగింది, అలవాటు దిగలేదు. రెండు పుస్తకాలు రాయడం తండ్రి దగ్గర నేర్చుకున్న కొడుకు, తండ్రికి కారణం ఉండేదని మర్చిపోయి పుస్తకాలు మాత్రం రెండూ రాస్తున్నాడు.

ఆ 1997లోనే ఇంకోటి జరిగింది. స్వచ్ఛందంగా ఆదాయం ప్రకటించుకునే పథకం, వి.డి.ఐ.ఎస్. అని. దాచింది బయటపెట్టండి, 30 శాతం కట్టండి, వడ్డీ లేదు, పెనాల్టీ లేదు, ఎవరూ అడగరు. బంగారమైతే 1987 ఏప్రిల్ 1 నాటి ధరకి లెక్క కట్టుకోవచ్చు. 33 వేల కోట్ల దాకా బయటికొచ్చింది. అప్పుడు నేను ఈ పనిలోకి వచ్చి నాలుగేళ్లు. నా దగ్గర ఒక డాక్టరు గారుండేవారు, ప్రతి పైసా చూపించేవారు, అప్పట్లో నలభై శాతం రేటుకి కూడా కట్టారు. పేపరు పట్టుకొచ్చి బల్ల మీద పెట్టి "అంటే ఇన్నాళ్లూ నేను వెధవనా?" అన్నారు. నేను ఏదో సర్దిచెప్పబోయాను. మరుసటి ఏడు ఆయన రిటర్న్‌లో ఆదాయం తగ్గింది. నేను అడగలేదు.

(సభలోంచి: "మరి ఉద్యోగస్తులం మేం ప్రతి రూపాయీ కడుతున్నాం కదండీ!")

వస్తున్నా, అక్కడికే వస్తున్నా. ఈ మాట ఎవరో ఒకరు అంటారని ఎదురు చూస్తున్నాను. 2017 బడ్జెట్ ప్రసంగంలో అరుణ్ జైట్లీ గారు కొన్ని అంకెలు చదివారు. 2015-16లో రిటర్న్ వేసిన వ్యక్తులు 3.7 కోట్ల మంది. అందులో 10 లక్షల పైన ఆదాయం చూపించినవాళ్లు 24 లక్షలు. మరి అంతకుముందు ఐదేళ్లలో ఈ దేశంలో అమ్ముడైన కార్లు కోటీ పాతిక లక్షల పైమాటే. ఎవరు కొన్నారో మరి. 5 లక్షల పైన చూపించినవాళ్లు 76 లక్షలైతే, అందులో 56 లక్షల మంది జీతగాళ్లే. అది విని జీతగాళ్లందరూ ఛాతీ విరుచుకున్నారు. నేనూ చాలా ఏళ్లు అలాగే నమ్మాను, జీతగాడు నిజాయితీపరుడు, వ్యాపారి కాదు అని.

మొన్న సెప్టెంబరులో ఒకాయన వచ్చాడు. ప్రభుత్వ ఉద్యోగం, శాఖ చెప్పను. చెప్పులు గుమ్మం బయట విడిచి, లోపలికొచ్చి, ఏమీ మాట్లాడకుండా ఫోను నా చేతిలో పెట్టాడు. మీ రిటర్న్‌లో క్లెయిమ్‌లు ఒకసారి సరిచూసుకోండి అని మెసేజ్. పోర్టల్ తెరిచాను.

"రాజకీయ పార్టీకి లక్షా అరవై వేలు చందా ఇచ్చారా?"

"నేనా?"

"మీ రిటర్న్‌లో ఉందండీ."

"ఏ పార్టీకండీ?" అని ఆయన నన్ను అడిగాడు. (నవ్వులు)

కిందకి జరిపాను. ఎడ్యుకేషన్ లోన్ వడ్డీ 90 వేలు. పిల్లలేం చదువుతున్నారండీ అంటే పెద్దవాడు ఆరో తరగతి అన్నాడు. మొత్తం రెండున్నర లక్షల మినహాయింపు, ఆయన శ్లాబులో సెస్సుతో కలిపి 52 వేల రిఫండ్. పడింది కూడా. రిఫండ్ తెప్పిస్తానన్న కుర్రాడెవడో పదో వంతు తీసుకున్నాడు, ఓటీపీ ఫోన్లోనే చెప్పాడట ఈయన. పాస్‌వర్డ్ కూడా వాడి దగ్గరే ఉంది, దాన్ని మార్చడానికే నాకు గంట పట్టింది.

అప్‌డేటెడ్ రిటర్న్, అంటే పాత తప్పు దిద్దుకుని మళ్లీ వేసేది, అది వేయించాను. వచ్చిన 52 వేలూ వెనక్కి, వడ్డీ, ఆ మొత్తం మీద పాతిక శాతం అదనపు పన్ను, డెబ్బై వేల దాకా అయింది. ఆలస్యం చేసేకొద్దీ ఆ పాతిక యాభై అవుతుంది, అరవై, డెబ్బై అవుతుంది, నాలుగేళ్ల దాకా గడువుంది ఇప్పుడు. అసలు మనం కదలకుండా కూర్చుని వాళ్లే పట్టుకుంటే, తప్పుడు లెక్క చూపించినందుకు పెనాల్టీ ఎగ్గొట్టిన పన్నుకి రెండింతలు. ఇదంతా చెప్తే ఆయన చాలాసేపు ఫ్యాను వైపు చూశాడు. తర్వాత ఒక మాటన్నాడు. "ఆఫీసులో పద్నాలుగు మందిమి చేయించుకున్నామండీ. నాకొక్కడికే ఎందుకొచ్చిందంటారు?"

ఆ పద్నాలుగు మంది మామూలు మనుషులండీ. ఎవరి జేబులోనూ చెయ్యి పెట్టి ఎరగరు. జీతంలోంచి టీడీఎస్ కోసుకుపోతున్నంత కాలం నిజాయితీగా ఉన్నారు, ఎందుకంటే ఇంకోలా ఉండే దారి లేదు. దారి చూపించేవాడు ఒకడు టీ స్టాలు దగ్గర తగిలేసరికి వ్యాపారి చేసిందే వీళ్లూ చేశారు. కాకపోతే వ్యాపారికి ముప్పై ఏళ్ల అనుభవం, ఎంత పెడితే నమ్ముతారో తెలుసు, వీళ్లు ఆరో తరగతి పిల్లాడికి ఎడ్యుకేషన్ లోన్ పెట్టారు. ఇది మన ఊరి సంగతే అనుకోకండి. ఈ జూలైలో ఆదాయపు పన్ను శాఖ దేశం మొత్తం మీద 150 చోట్ల ఇలాంటి రిటర్న్‌లు వేసిపెట్టేవాళ్ల మీద తనిఖీలు చేసింది. అప్పటికి నాలుగు నెలల్లో 40 వేల మంది దాకా తమంతట తామే రిటర్న్‌లు మార్చుకుని 1,045 కోట్ల తప్పుడు క్లెయిమ్‌లు వెనక్కి తీసుకున్నారని వాళ్లే ప్రకటించారు. తమంతట తాము అంటే, మెసేజ్ వచ్చాక. (నవ్వులు)

వ్యవసాయ ఆదాయం గురించి ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాను, లేకపోతే రాత్రవుతుంది. వ్యవసాయం మీద పన్ను లేదు, ఉండకూడదు కూడా, మన జిల్లా రైతు సంగతి నాకు తెలుసు, వాడికి మిగిలేదే లేదు. కానీ పట్నంలో కాంట్రాక్టు పనులు చేసుకునే ఒకాయన ఎకరా పాతిక సెంట్ల మామిడి తోట మీద ఆరు లక్షలు వచ్చాయని రాయమన్నాడు. ఆ తోట నేను చూశాను. సగం చెట్లకి పూత కూడా లేదు. రాయనన్నాను, పక్క వీధిలో రాయించుకున్నాడు.

ఇంకోవైపు అసలు కట్టాల్సింది ఏమీ లేకపోయినా భయపడి చచ్చేవాళ్లున్నారు. వాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు. ఒకావిడ ఇంట్లో నాలుగు మిషన్లు పెట్టుకుని బట్టలు కుడుతుంది. కూతురికి ఇంజినీరింగ్ సీటొచ్చింది, లోన్‌కి బ్యాంకు వాళ్లు రిటర్న్ కావాలన్నారు. వచ్చి కూర్చుంది, కాగితాలన్నీ ఒక బట్టల షాపు కవర్లో పెట్టుకుని. "రిటర్న్ వేస్తే కార్డు పోతాదేటి బాబూ?" అని అడిగింది. పిల్ల ఫీజు డబ్బులు ఆగిపోతాయా, అత్తగారి పింఛను ఆగిపోతుందా, సచివాలయంలో ఆరు రకాలుగా చూస్తారట కదా, అందులో ఇన్‌కమ్ ట్యాక్స్ ఒకటట కదా. అవునమ్మా, అది పన్ను కట్టేవాళ్లకి, రిటర్న్ వేసినంత మాత్రాన పన్ను కట్టినట్టు కాదు, నీకు పన్నే లేదు అని మూడుసార్లు చెప్పాను. తలూపింది. మర్నాడు తమ్ముణ్ణి పంపింది, వద్దులెండి అని. లోన్ బయట తెచ్చుకున్నారు, నూటికి రెండు రూపాయల వడ్డీకి. ఆవిడ దాచింది ఏమీ లేదు. నిజం చెప్తే నష్టం అని మాత్రం ఆవిడకి ఎవరో గట్టిగా నేర్పారు. బెంగళూరులో ఈ ఏడాది చిన్న కొట్లవాళ్లకి ఫోన్‌పే లెక్కలు చూసి జీఎస్టీ నోటీసులొస్తే చాలామంది స్కానర్లు తీసేసి "ఓన్లీ క్యాష్" అని బోర్డులు పెట్టుకున్నారు చూడండి, అలాగన్నమాట.

ఇక "మేం కట్టేదంతా ఎటు పోతోంది" అనే ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే, నాకూ ఆ కోపం ఉంది, మా వీధి కాలువ చూసినప్పుడల్లా ఉంటుంది. ఉత్తరాంధ్ర నుంచి ఇన్ని వేల మంది పొట్ట చేతబట్టుకుని వలస పోతుంటే ఏం కట్టాలనిపిస్తుంది? కాకపోతే లెక్క కొంచెం తెలుసుకుని కోప్పడదాం. సర్‌ఛార్జిలూ సెస్సులూ పోగా మిగిలిన కేంద్ర పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలకి పంచుతారు, 15వ ఆర్థిక సంఘం లెక్కలో అందులో మన రాష్ట్రం వాటా 4.047 శాతం. కట్టిన ప్రతి రూపాయీ ఢిల్లీలోనే ఉండిపోదు. ఇంకోటి, పన్ను కట్టేది మేమేనని జీతగాళ్లు అనేటప్పుడు ఆ బట్టలు కుట్టే ఆవిడ వింటే నవ్వుతుంది. దారం మీదా జిప్పు మీదా సబ్బు మీదా ఆవిడ రోజూ కడుతూనే ఉంది, ఆవిడకి రిఫండ్ తెప్పించేవాడు ఎవడూ లేడు.

ఇప్పుడు కొంత మార్పొచ్చింది, అది ఒప్పుకోవాలి. 2021 చివర్లో ఏ.ఐ.ఎస్. అని, యాన్యువల్ ఇన్ఫర్మేషన్ స్టేట్‌మెంట్, పెట్టారు. మీ బ్యాంకు వడ్డీ, షేర్లు, 30 లక్షల పైన రిజిస్ట్రేషన్లు, ఏడాదిలో సేవింగ్స్ ఖాతాలో 10 లక్షల పైన వేసిన క్యాషు, అన్నీ వాళ్లకి ముందే తెలుసు. రిటర్న్ వేయకముందే అది చూపిస్తే మా షాపాయన మొహం చూడాలి. "ఇదంతా వీళ్లకెవరు చెప్పారు మాస్టారూ?" అని కంప్యూటరుని అనుమానంగా చూశాడు, నేనే చెప్పానేమోనని నన్నూ చూశాడు. పోయినేడు మొదటిసారి పన్ను కట్టాడు, పదకొండు వేల చిల్లర. కట్టి, చలానా మడిచి జేబులో పెట్టుకుని, ఎవరో పోయినట్టు కాసేపు కూర్చున్నాడు. దీన్ని నిజాయితీ అనాలా, దొరికిపోతామన్న భయం అనాలా, నాకు తేలలేదు. ప్రభుత్వానికి తేలక్కర్లేదు, చలానా చాలు. వచ్చే ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం వస్తోంది, 1961 నాటిది పోయి. సెక్షన్ల నంబర్లన్నీ మారిపోతాయి, ఈ వయసులో మళ్లీ చదువుకోవాలి నేను.

ఇంకేమైనా అడుగుతారా? ఈ నెల 31 లోపు లేటు రిటర్న్‌లు వేయాల్సినవాళ్లు నా దగ్గరికి 30న రాకండి, దయచేసి.

(సభలోంచి: "మరి మీ సంగతేంటి మాస్టారూ? మీరెప్పుడూ మేనేజ్ చేయలేదా?")

(నవ్వులు) అడిగేశారా. సరే. 2011లో నాకో సైటుండేది ఊరి చివర, అమ్మాను. డాక్యుమెంటు రేటు ఒకటి, మేం మాట్లాడుకున్న రేటు ఒకటి. కొన్నాయన డాక్యుమెంటు రైటర్ వెనక గదిలో బియ్యం సంచిలోంచి కట్టలు తీసి చాప మీద పెట్టాడు. నేను లెక్కపెట్టుకున్నాను. వైట్‌లో ఇవ్వండి అని అడగొచ్చు, అడిగితే ఆయన వేరే సైటు చూసుకునేవాడు, అందుకని అడగలేదు. నా రిటర్న్‌లో డాక్యుమెంటు రేటే రాశాను. నా రిటర్న్ నేనే వేసుకుంటాను కదా, అడిగేవాడు లేడు. ఆ డబ్బు బ్యాంకులో వేయలేను, పెద్దమ్మాయి పెళ్లికి కొంత వాడాం, కొంత అలాగే ఉండిపోయింది. 2016 నవంబరు 8న రాత్రి టీవీ చూస్తున్నాం అందరం. మా ఆవిడ నా వైపు చూసింది. బీరువాలో లక్షా నలభై వేలు, అన్నీ ఐదొందలూ వెయ్యీ. రెండు రోజుల తర్వాత బ్యాంకు దగ్గర ఎండలో లైన్లో నిలబడ్డాను, నాకు ముందు నా క్లయింట్లు నలుగురు, వెనక ముగ్గురు. నమస్తే ఆడిటరు గారూ, మీరూ వచ్చారా అన్నారు. డబ్బు ఎక్కడిదని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో ఎంతోమందికి చెప్పినవాణ్ణి, నాకేం చెప్పుకోవాలో తోచలేదు. చివరికి సగం మా ఆవిడ ఖాతాలో వేశాం, ఇంటి ఖర్చుల్లో మిగిల్చుకున్నదని.

ఆవిడ ఇవాళ ఇక్కడే ఉంది, మూడో వరసలో. నవ్వుతోంది చూడండి.